పుల్లగా లేని చుక్కకూర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉండదా మరి! మా ఆయన ఇంద్రసేన గారి నాలుకతో కాపురం చేసి చూడండి, మీకే తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో మొదటిసారి పప్పు చేసి పెట్టి, మెచ్చుకుంటారేమోనని ఎదురుగా నిలబడ్డాను. ముద్ద మింగీ మింగకముందే "జర ఉప్పు తక్కువైంది, అనసూయా" అన్నారు. ఆ రోజు నుంచి ఆ మాట వినని పూట లేదు. నేను గంటె విసిరేయడం, ఆయన నవ్వుతూ ఉప్పు డబ్బా అందుకోవడం, ఇదే మా సంసారం.

ఆయన గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మా ఇల్లూ ఆ వెనక గల్లీలోనే. అయితే గల్లీలో ఆయనకు పేరు తెచ్చింది ఉద్యోగం కాదు, నాలుక. ఎవరింట్లో ఆవకాయ కలిపినా, ఎవరింట్లో పెళ్లికి పులిహోర కలిపినా గిన్నె పట్టుకుని మా గడప ఎక్కేవారు. ఆయన చెంచా ముట్టరు. కుడి అరచేతిలో కాస్త వేయించుకుని, నాలుక కొసతో తాకి, కళ్లు మూసుకునేవారు. ఇంగువ ఎక్కువైందనో, చింతపండు పాతదనో చెప్పేవారు. చెప్పింది తప్పిన రోజు లేదు. ఆ సంగతే నాకు ఇంకా మంట.

అలాంటి మనిషికి పోయిన వేసవిలో జ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గింది గానీ వాసనా రుచీ రెండూ పోయాయి. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ అన్నీ చూసి, మెల్లగా రావచ్చు, పూర్తిగా రాకపోనూ వచ్చు, ఘాటువీ పుల్లవీ పెడుతూ ఉండండి అంది. ఆ తర్వాత నేను ఏది వడ్డిస్తే అది తలొంచుకుని తిని లేచిపోవడం మొదలుపెట్టారు. ఉప్పు మాట ఎత్తితే ఒట్టు. ఇన్నేళ్లు ఏ మాట వింటే నాకు ఒళ్లు మండేదో, ఆ మాట లేని వంటిల్లు నాకు పరాయి ఇల్లులా తోచింది.

ఆయనకు అన్నింటికన్నా ఇష్టం చుక్కకూర పప్పు. పుల్లవి పెట్టమని డాక్టరమ్మ అంది కదా అని బజారు నుంచి కట్టలు కట్టలు తెచ్చి వండాను. మా పళ్లు పులిసిపోయాయి. ఆయన మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించేవారు.

"ఏంది గీ కూర? పులుపే లేదు. మురికి నీళ్లు పెట్టి పెంచుతున్నరు, పులుపు యాడికెల్లి వస్తది?" అన్నారు ఒకరోజు. నేను పప్పుగిన్నె నా దగ్గరికి లాక్కున్నాను. మా కోడలు వైశాలి నా వైపు చూసి తల దించుకుంది.

"నేనే పండిస్త" అన్నారు ఆయన. "మిద్దె మీద. మంచి ఎరువేసి, మంచినీళ్లు పోసి. అప్పుడు సూడున్రి నా నాలుకకు తెలుస్తదో లేదో!"

జ్వరం తర్వాత ఆ గొంతులో అంత హుషారు వినడం అదే మొదలు. నాకూ పట్టలేనంత సంబరమేసింది. కానీ ఒక భయం కూడా పట్టుకుంది. బజారు కూర మీద నెపం పెట్టుకుని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నారు. రేపు సొంత కూర కూడా చప్పగా అనిపిస్తే ఇంక నెపం ఎవరి మీద పెడతారు?

వానలు తగ్గుముఖం పట్టగానే ఇద్దరం నాంపల్లి వైపు నడుచుకుంటూ వెళ్లి ఒక విత్తనాల దుకాణం పట్టుకున్నాం. బయట ట్రాఫిక్ ఆగిపోయి ఆటోలూ బస్సులూ ఒకటే హారన్లు. కౌంటర్లో ఉన్నాయనకు తెలుగు రాదు. మావారికి ఉర్దూ అంటే ఎక్కడలేని ఉత్సాహం.

"చుక్కా హై క్యా, భాయ్? చుక్కా!" అని అరిచారు.

బయట బస్సు ఒకటి బోరుమంది. షాపాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "హౌ, హై సాబ్!" అని లోపల్నుంచి ఒక డబ్బా తెచ్చాడు. మావారు గింజలు వేళ్లతో రాస్తూ బాగా వస్తుందా అని అడిగితే, "ఏక్‌దం లాల్ నికల్తా!" అని బొటనవేలు పైకి చూపించాడు.

"ఇన్నవా? ఎర్రగ వస్తదట! ఎర్రకాడ రకమన్నట్టు. గది అసలు చుక్కకూర!" అని దారంతా చెప్పుకుంటూ వచ్చారు. కాగితం పొట్లంలో గింజలు ఎండిన మట్టిపెళ్లల్లా గరుకుగా ఉన్నాయి. చుక్కకూర గింజ ఎలా ఉంటుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. మాకు తెలిసింది కట్ట విప్పి కోయడమే.

సుల్తాన్ బజార్ నుంచి ప్లాస్టిక్ టబ్బులు వచ్చాయి. మా అబ్బాయి సిద్ధార్థ్ ఎర్రమట్టి, పశువుల ఎరువు బస్తాలు భుజాన వేసుకుని మిద్దెకెక్కించాడు. ఆయన మట్టిని జల్లెడ పట్టారు! పిండి జల్లించే జల్లెడే, నాదే. అడిగితే "మెత్తగుండాలె" అన్నారు. గింజలు నానబెట్టి, వేలితో గుంటలు చేసి, ఒక్కొక్కటీ పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టి, పైన మట్టి కప్పారు.

మొలకలు వచ్చిన పొద్దున ఆయన మిద్దె మీద నుంచి పెట్టిన కేకకు నా చేతిలో పాలగిన్నె ఒలికింది. పరుగెత్తుకెళ్తే, "సూడు, సూడు! ఒక్క గింజకు నాలుగు మొలకలు!" అని టబ్బు చుట్టూ తిరుగుతున్నారు. నిజమే, ఒక్కో చోట గుత్తిగా లేచాయి, కాడలు లేత గులాబీ రంగులో. వైశాలి అది చూసి, ఇరుకైతే ఏదీ పెరగదు మామయ్యా అని కత్తెర తెచ్చింది. చోటుకొకటి ఉంచి మిగతావి కత్తిరిస్తుంటే, ప్రతి మొలకకూ ఆయన "అరెరె" అన్నారు.

ఆకులు పెద్దవవుతున్నకొద్దీ నాకు అనుమానం మొదలైంది. ఆకుపచ్చ మీద ఎర్రటి ఈనెలు.

"ఏందండీ ఇది, గోరింటాకు పెట్టుకున్నట్టు? చుక్కకూర ఎన్నడన్న గిట్లుంటదా?"

"షాపాయన చెప్పిండు గదా లాల్ అని! నువ్వు బజార్ల సూసేది మామూలు రకం. ఇది వేరే."

పొద్దున్నే లేచి పళ్లు తోమకముందే మిద్దెకెక్కే మనిషితో ఏం వాదిస్తాం? ఆ మొహంలో వెలుగు చూసి నేను నోరు కట్టేసుకున్నాను.

కార్తీక సోమవారం వచ్చింది. మొదటి కోత ఆ రోజే అన్నారు. నాకు ఒక్కపొద్దు. చుక్క పొడిచేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను, వండేటప్పుడు ఉప్పు కూడా చూడను. చేతి అలవాటు మీదే ఉప్పూ కారం వేసి పప్పు దించాను. కుక్కర్ మూత తీసేసరికి పప్పంతా గులాబీ రంగు! "లాల్!" అని చప్పట్లు కొట్టారు ఆయన.

ముగ్గురూ కూర్చున్నారు. ఆయన స్నానం చేసి, ఉతికిన లాల్చీ వేసుకుని, పరీక్షకొచ్చినవాడిలా కూర్చున్నారు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఇంకో ముద్ద. నేను గంటె పట్టుకుని ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన పిల్లల వైపు తిరిగి, "పుల్లగున్నదా?" అని అడిగారు.

"పుల్లగనా? పళ్లు జివ్వుమంటున్నయి నాన్నా!" అన్నాడు సిద్ధార్థ్.

వైశాలి ఒక కన్ను మూసి భుజాలు కుదించింది. "మస్తు పులుపు మామయ్యా! గింత పులుపు బజారుదాంట్ల యాడుంటది?"

ఆయన మూడో ముద్ద కూడా తిని చూశారు. "నాకైతే చప్పగున్నది" అన్నారు. కంచం పక్కకు జరిపి, "అయితే తప్పు కూరది కాదు" అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

చుక్క పొడిచాక నేను ఒక్కపొద్దు విడిచేసరికి పప్పుగిన్నె కడిగి బోర్లించి ఉంది. పిల్లలు ఊడ్చుకు తిన్నారంటే ఎంత బాగుందో అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన మిద్దె మొహం చూడలేదు. తిండి దగ్గర రుచి వెతకడమే మానేసి, మందు మింగినట్టు మింగి లేచేవారు. నాకేమో ఒళ్లంతా కోపం. జ్వరం మీద, ఆయన మీద, ఆ కూర మీద. కానీ మొక్కల్ని ఎండబెట్టడానికి చెయ్యి రాలేదు. నీళ్లు పోసి, వాటిని తిట్టి దిగేదాన్ని. టీ వడకట్టిన పిప్పి, ఎండుటాకులు, కొబ్బరి పీచు, అన్నీ తెచ్చి వాటి మొదళ్ల మీదే గుమ్మరించాను. ఎంత తిడితే అంత ఏపుగా పెరిగాయి దిక్కుమాలినవి.

కొత్త సంవత్సరం వచ్చింది, నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలైంది. ఏటా మొదటి ఆదివారమే వెళ్లాలని పోరు పెట్టేది ఆయనే. సామాన్లు మేం చూసుకుంటుంటే ఆయన మిర్చి బజ్జీల దగ్గర నిలబడి, నూనె మార్చలేదని కొట్టువాళ్లతో తగువు పెట్టుకునేవారు. ఈసారి సిద్ధార్థ్ అడిగితే చెయ్యి ఊపారు.

"మీరు పోయిరాండ్రి. నేనొచ్చి ఏం జెయ్యాలె? గడ్డి పెట్టినా బజ్జీ పెట్టినా నాకొక్కటే" అని, చెప్పులేసుకుని మిద్దె మెట్లెక్కారు. "ఆ టబ్బులు ఖాళీ జేసి ఎవరికన్న ఇచ్చేస్త. ఉత్తగ జాగ ఆపుతున్నయి."

నేను వెనకే వెళ్లాను, ఊరుకుంటానా! "నీళ్లు పోసింది నేను. పీకడానికి మీరెవరు?" అంటూనే ఉన్నాను, ఆయన వినిపించుకోకుండా ఒక మొక్క జుట్టు పట్టుకుని లాగారు. రాలేదు. ఇంకోసారి లాగారు. కదల్లేదు.

"చుక్కకూరకు ఇంత వేరా?" అని రెండు చేతులతో పట్టుకుని, కాలు టబ్బుకు తన్నిపెట్టి గుంజారు. ఒక్కసారిగా ఊడొచ్చింది. ఆయన రెండడుగులు వెనక్కి తూలి నీళ్ల ట్యాంకుకు ఆనుకున్నారు. చేతిలో ఆకుల గుత్తి, ఆ గుత్తి కింద మట్టి కొట్టుకుని పిడికిలంత గుండ్రటి గడ్డ! మట్టి రాలిన చోట ముదురెరుపు.

నేను అరిచిన అరుపుకు కింద గల్లీలో వాళ్లు తలెత్తి చూశారు. సిద్ధార్థ్, వైశాలి రెండేసి మెట్లు దాటుకుంటూ పైకొచ్చారు.

"బీట్‌రూట్!" అంది వైశాలి.

"చుకందర్!" అన్నాను నేను. మా పుట్టింట్లో దాన్ని చుకందరే అంటారు. ఆ మాట నా నోట్లోంచి ఊడిపడగానే నేనూ ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"చుక్కా..." అన్నారు ఆయన.

"చుకందర్..." అన్నాను.

"ఏక్‌దం లాల్ నికల్తా!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆయనకు నవ్వు ఆగలేదు. పాపం ఆ షాపాయన తప్పేముంది, బస్సు హారన్లో సగం మాట విని మిగతా సగం తనే పూర్తి చేసుకున్నాడు. బజారులో బీట్‌రూట్ ఎప్పుడూ బోడిగుండుతోనే వస్తుంది. దానికి తలంటూ ఉంటుందని, ఆ తల ఇలా ఉంటుందని మాలో ఎవరికి తెలుసు? నేను రోజూ టీ పిప్పి పోసి గడ్డల్ని కప్పిపెట్టాను కూడా.

ఇంక చూడాలి మా హడావుడి! తలా ఒక టబ్బు మీద పడ్డాం. ఒకటి లాగితే నిమ్మకాయంత, ఇంకోటి లాగితే టెంకాయంత. "గిది సూడు!", "నాది సూడు!", "అరె, ఇది జంట!" అని ఒకటే కేకలు. వైశాలి వాటిని వరసగా పిట్టగోడ మీద పేర్చి ఫోటోలు తీసింది. మట్టితో నా చీర పాడైంది, ఎవరికి కావాలి?

అప్పుడు తట్టింది నాకు. చేతిలో గడ్డ పట్టుకుని అలాగే ఆగిపోయాను.

"ఆగండి. చుకందర్ ఆకు పుల్లగ ఎట్లుంటది?"

సిద్ధార్థ్ ఆకులు ఏరుకోవడంలో చాలా పనున్నవాడిలా వంగాడు. వైశాలి ఫోన్ చూసుకుంటోంది.

"ఏరా? పళ్లు జివ్వుమన్నయన్నవ్ గదా?"

"అది గాదమ్మా..." అని తల గోక్కున్నాడు. "నాన్న అంత ఆశగ అడిగిండు. ఆయన పండించిన మొదటి పంట. చప్పగుందని ఎట్ల జెప్పాలె?"

"నిజానికి పులుపన్నదే లేదు అత్తమ్మా" అంది వైశాలి చిన్న గొంతుతో. "సాయంత్రం మీరు తింటే తెలిసిపోతదని మిగిలిందంతా మేమే తినేసినం."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మీ మర్యాద మండ! మీ అబద్ధానికి ఆ మనిషి తన నాలుక చచ్చిందని అనుకున్నడు! ఇన్ని రోజులు..." తిడుతూనే ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. ఎందుకంటే ఆ క్షణంలోనే ఇంకోటి అర్థమైంది. ఆ రోజు ఆ కంచాల ముందు నిజం చెప్పింది ఒక్క నాలుకే. అది ఆయనది.

ఆయన మా గొడవ వినడం లేదు. మొదట పీకిన గడ్డను కుళాయి కింద కడిగి ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడ్డారు.

"అనసూయా" అన్నారు మెల్లగా. "మట్టి వాసనొస్తున్నది."

అందరం ఆగిపోయాం. ఆయన గడ్డను కొరికారు. ఎర్రటి రసం గడ్డం మీదుగా కారింది. "తియ్యగున్నది. ఔ, తియ్యగనే ఉన్నది!"

పిల్లలు ఎగిరి గంతేశారు. నేను మాత్రం గెంతలేదు. మట్టిలోంచి తీసింది మట్టి వాసన వస్తుందని ఎవరైనా అంటారు. బీట్‌రూట్ తియ్యగా ఉంటుందని తినకపోయినా తెలుసు. ఆశ కూడా మా పిల్లల్లాంటిదే, మన మొహం చూసి మనకు నచ్చింది చెప్తుంది. మళ్లీ ఒకసారి ఆయన గుండె పగలడం నేను చూడలేను. నాకు నిజం కావాలి. కొంగు పట్టి గడ్డలన్నీ అందులో వేసుకుని వంటింట్లోకి దిగాను.

చెక్కు తీశాను, తురిమాను. మోచేతుల దాకా ఎరుపు. మూకుడులో నూనె పోసి ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేశాను. తురుము వేసి, నీరంతా ఇగిరి మెరుపు తేలేదాకా వేయించి, పైన పచ్చికొబ్బరి చల్లాను. ఉప్పు డబ్బా మూత తీశాను. కాసేపు చూశాను. మూత పెట్టేశాను. చిటికెడు కూడా వెయ్యలేదు. ఎవరికీ చెప్పలేదు.

అందరికీ వడ్డించాను. కూర చూస్తే కళ్లు చెదిరేలా ఉంది, తెల్లటి అన్నం పక్కన ఎర్రగా మెరుస్తూ. సిద్ధార్థ్ గబగబా ఒక ముద్ద తిన్నాడు.

"అదిరిందమ్మా!"

"మన మిద్దె మీదిది గదా, ఈ రుచే వేరు అత్తమ్మా!" అంది వైశాలి.

చూశారా! ఇంత తిట్టినా బుద్ధి రాలేదు. వాళ్లనేం అనకుండా ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన కలుపుకోలేదు. కుడి అరచేతిలో కాస్త వేసుకున్నారు. జ్వరం వచ్చాక ఆ అరచెయ్యి అలా పైకి లేవడం అదే మొదటిసారి. నాలుక కొసతో తాకి కళ్లు మూసుకున్నారు. బయట ఎక్కడో ఆటో పోతున్న చప్పుడు. ఆయన ఇంకోసారి రుచి చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"అనసూయా."

"ఏంది?" అన్నాను.

"జర ఉప్పు..." అని ఆగారు. మళ్లీ నాలుకతో పెదవి తడుపుకున్నారు. "తక్కువ గాదు. నువ్వసలు ఉప్పే వెయ్యలే!"

సిద్ధార్థ్ ముద్ద సగంలో ఆపేశాడు. వైశాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను వంటింట్లోకి ఉరికి, ఉప్పు డబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన ఠపీమని పెట్టాను. డబ్బా, నేల, నా ఎర్రటి చేతులు, అంతా మసకగా కనబడుతోంది.

"ఇన్నేళ్ల నుంచి వండుతున్న! నాకు జెప్తరా ఉప్పు సంగతి?" అని అరిచాను.

"మరి ఏడుస్తున్నవెందుకే?" అన్నారు ఆయన, డబ్బా మూత తీస్తూ.

"వంటకు వంక పెడితే ఏడుపు రాదా?" అన్నాను. "తొందరగ తినండి. నుమాయిష్‌కు పోవాలె. ఆ బజ్జీలోల్లు నూనె మార్చిన్రో లేదో మీరు తప్ప ఎవరు జెప్తరు?"